నిచ్చెన మనిషికి బొట్టు

భీంగల్ దిక్కున లింబాద్రి గుట్ట మీది దేవుడి పేరు పెట్టుకున్న గుండేటి లింబాద్రికి ఊళ్లో దుబాయి లింబాద్రి అని పేరు. ఆయన దుబాయిలో ఒక్కరోజు కూడా కాలు పెట్టలేదు. పాతికేళ్లుగా ఉంటున్నది బహ్రెయిన్‌లో. మొదట్లో "దుబాయి కాదే, బహ్రెయిన్" అని విడమరిచి చెప్పేవాడు. వినేవాళ్లు బుద్ధిగా తల ఊపి, "మరి దుబాయిల వానలు పడ్తయా?" అని అడిగేవాళ్లు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాడు.

రాజధాని మనామాలోని జుఫైర్‌లో ఆకాశానికి లేచిన అపార్ట్‌మెంట్లలో ఎన్నింటికి సిమెంటు మోశాడో ఆయనకే గుర్తు లేదు. బస్సులో అటుగా పోతుంటే మాత్రం పక్క సీటులో ఉన్నవాడు పంజాబీ అయినా బంగ్లాదేశీ అయినా మోచేత్తో పొడిచి, "భాయ్, ఇది నేను కట్టిందే" అనేవాడు. వాడు నమ్మాడా లేదా అన్నది ఆయనకు పట్టింపు కాదు. ఒకనాడు పైనుంచి జారిపడి మోకాలు పోగొట్టుకున్నాక కంపెనీ చేతులు దులుపుకుంది. మూటాముల్లె సర్దుకుంటున్న వేళ, బుదైయాలో ఒక విల్లాకు తోటపని, చిల్లర మరమ్మతులు చూసే మనిషి కావాలని తెలిసింది. వెళ్లి కుదిరాడు. తాను కుదిరింది తోటకే అనుకున్నాడు పాపం.

ఆ విల్లాలో నెల్సన్ సార్ అద్దెకుండేవాడు. పేరూ రంగూ అమెరికావాళ్లవి, పుట్టి పెరిగింది మాత్రం బహ్రెయిన్. ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయింది. పిల్లలు లేరు. ఒక గది నిండా కాగితాలున్నాయి, అంతే.

అవి ఏం కాగితాలో చెప్పాలి. వందేళ్ల కిందట, హాలీవుడ్ ఇంకా తోటలూ మట్టిరోడ్లూగా ఉన్న రోజుల్లో, అక్కడ లార్క్‌మూర్ అని ఒక సినిమా కంపెనీ ఉండేది. మాటల్లేని సినిమాలు తీసేవాళ్లు. కొన్నేళ్లు వెలిగి మూతపడింది. తీసిన సినిమాలన్నీ ఒక గోదాములో పెడితే అగ్గి తగులుకుని మూరెడు ఫిల్ము కూడా మిగలకుండా కాలిపోయాయి. ఆఫీసు కాగితాలు మాత్రం వేరే చోట ఉండి బతికాయి. సార్ తాత ఆ కంపెనీలో గుమాస్తా. చెత్తలో పారేయడానికి బయట పడేసిన ఆ కాగితాలను బండికెత్తించి ఇంటికి తెచ్చుకున్నాడాయన. తర్వాత చమురు బావుల్లో కొలువు దొరికి బహ్రెయిన్‌కు ఓడెక్కినప్పుడు ఆ పెట్టెలు కూడా ఎక్కాయి. ఓడెక్కేవాడు ఎవడైనా బట్టలూ పాత్రలూ కట్టుకుంటాడు. ఈయన ఏ నటికి ఏ టోపీ కుట్టించారో, ఏ గుర్రానికి ఎంత గడ్డి వేశారో, జనంలో నిలబడ్డ ఏ కూలివాడికి ఆ పూట ఎంత ఇచ్చారో రాసిన కాగితాలు కట్టుకున్నాడు. మనవడు ఆ పిచ్చిని ఆస్తిలా పుచ్చుకున్నాడు.

నలభై ఏళ్లుగా సార్ పని అదే. ఒక్కో కాగితం తీయడం, చదవడం, అది దేనికి సంబంధించిందో ఒక చీటీ మీద రాసిపెట్టడం. గదిలోకి ఎవరొచ్చినా ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని రావాలి. ఆ నియమం లింబాద్రికి భలే నచ్చింది. దేవుడి అర్రలోకి పోయే పద్ధతి కూడా అదే కదా అనుకున్నాడు.

వంటమనిషి రామలక్ష్మికి మాత్రం ఆ గదిని చూస్తే ఒళ్లు మంట. ఆమెది రాజోలు వైపు.

"దుమ్మండీ బాబూ, ఒట్టి దుమ్ము! ఆ కాయితాలు తిన్నగా పొయ్యిలో పెడితే ఆరు నెల్లు వంట సేసెయ్యొచ్చు, ఆయ్" అనేది.

"నోరు మంచిగుండాలె చెల్లె. కాయితమంటే సదువుల తల్లి. గట్లనద్దు" అనేవాడు లింబాద్రి.

"సదువుల తల్లయితే గుర్రాల గడ్డి గురించి రాసుకుంటాదేంటి అన్నయ్యా?"

అప్పుడు లింబాద్రి తోటకు నీళ్లు పట్టాలని గుర్తొచ్చినట్టు లేచి పోయేవాడు.

సాయంత్రాలు సార్ ఆయన్ని గదిలోకి పిలిచి ఫొటోలు చూపించేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది హిందీలో. లింబాద్రి హిందీ ఏనాడూ భీంగల్ పొలిమేర దాటలేదు కాబట్టి, ఇక్కడ ఆయన యాసలోనే రాస్తున్నాను. సార్‌ది బడిపంతులు హిందీ, తడబడుతూ అయినా వ్యాకరణం తప్పనివ్వడు.

ఆ ఫొటోలన్నిటిలో సార్‌కు ప్రాణం లాంటిది ఒకటి ఉంది. లార్క్‌మూర్ వాళ్ల ఆఖరి సినిమాది. కాలిఫోర్నియాలోనే అట్టలూ సున్నమూ పెట్టి అరబ్బుల బజారు కట్టారు. నడిమధ్య ఒంటె మీద హీరో, చుట్టూ తలగుడ్డలు చుట్టుకున్న జనం. దాన్ని మొదటిసారి చూసినప్పుడు లింబాద్రి కడుపు పట్టుకుని నవ్వాడు. "గిదేం అరబ్బు దేశం సార్! మనామాల గీ బజారు ఏడున్నదో జర నాకు సూపియ్యుండ్రి" అన్నాడు. సార్ కూడా నవ్వాడు. నవ్వుతూనే లింబాద్రి చూపు ఫొటో అంచుకు పోయింది. అక్కడ గోడ చాటున, కెమెరాకు కనబడకూడని చోట, ఒక మనిషి నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలగుడ్డ లేదు, వేషం లేదు. పైకి మడిచిన చొక్కా చేతులు, చెమట.

"గీయినెవరు సార్?"

సార్ చీటీ చూశాడు. అందులో హీరో పేరు, హీరోయిన్ పేరు, ఒంటెను తోలుకొచ్చినవాడి పేరు కూడా ఉన్నాయి. "గుర్తు తెలియని పనివాడు" అని చదివాడు.

"మనోడే" అన్నాడు లింబాద్రి.

ఆనాటి నుంచి ఆ ఫొటో బయటికి వచ్చినప్పుడల్లా ఆయన ముందు నిచ్చెన మనిషిని పలకరించేవాడు. "ఏమే, మంచిగున్నవా?" అనేవాడు. జుఫైర్‌లో తానూ ఇట్లాగే ఎన్నో నిచ్చెనలు పట్టుకుని నిలబడ్డాడు. బిల్డింగు పూర్తయ్యాక పెద్దమనుషులు వచ్చి రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగుతుంటే పనివాళ్లను వెనక్కి జరగమనేవాళ్లు. ఈ నిచ్చెన మనిషి మాత్రం ఎట్లాగో వెనక్కి జరగకుండా ఫొటోలో ఉండిపోయాడు. అందుకే వాడంటే లింబాద్రికి అంత ఇష్టం.

ఇట్లా ఉండగా కష్టం రెండు వైపుల నుంచి వచ్చింది. సార్ చూపు మసకబారసాగింది. విల్లా యజమానేమో ఇల్లు పడగొట్టి కొత్తది కడతాను, ఎండాకాలం లోపల ఖాళీ చెయ్యమన్నాడు. సార్ వెళ్లబోయే చిన్న ఫ్లాటులో మనిషి పడితే కాగితాలు పట్టవు. కాగితాలు పెడితే మనిషి బయట పడుకోవాలి. ఆయన కాలిఫోర్నియాలోని ఒక యూనివర్సిటీ లైబ్రరీకి రాశాడు. మనిషిని పంపిస్తాం, చూసి బాగుంటే తీసుకుంటాం అని జవాబొచ్చింది. ముందుగా ఖాళీ అట్టపెట్టెలు కూడా పంపారు. సార్, లింబాద్రి కలిసి కాగితాలన్నీ వాటిలోకి సర్దారు. లైబ్రరీ వాళ్లు వద్దన్నారంటే మునిసిపాలిటీ చెత్తబండే గతి.

లైబ్రరీ మనిషి వచ్చేలోగా ఒక కంటికైనా చూపు రావాలని సార్ ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేరాడు. షుగరు ఎక్కువుందని వాళ్లు కొన్నాళ్లు ఉంచుకున్నారు. వెళ్లేముందు గది తాళంచెవి లింబాద్రి చేతిలో పెట్టాడు. "నీ మీద వదిలి పోతున్నాను" అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దసరా వచ్చింది.

కంపెనీ కూలీల క్యాంపులో ఉన్నన్నాళ్లూ దసరానాడు తెలంగాణ పోరగాళ్లంతా కలిసి తాపీలు, పారలు, డ్రిల్లింగు మిషన్లు వరుసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. బుదైయాలో తానొక్కడే. అయితేనేం, విల్లా గోడ వెనక ఒక చెట్టుంది. ఇక్కడివాళ్లు దాన్ని గాఫ్ అంటారు. లింబాద్రి చూసిన మొదటిరోజే గుర్తుపట్టాడు, అది జమ్మి. తెల్లవారి స్నానం చేసి, పండగనాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టే జమ్మి ఆకు కోసుకొచ్చాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు తడిపాడు. సొంత చేనులో పండించి, ఉడికించి, ఎండబెట్టి, దంచిన పసుపు. ఒకసారి పడితే బట్ట చిరిగినా మరక పోదని ఆయన గొప్పగా చెప్పుకునే పసుపు.

పారకు పెట్టాడు. కత్తెరకు, నీళ్ల పైపుకు, నిచ్చెనకు పెట్టాడు. రామలక్ష్మి వచ్చి తన గరిటెకూ గ్యాసు పొయ్యికీ పెట్టించుకుంది. ఆయన ఇచ్చిన జమ్మి ఆకును కళ్లకద్దుకుని బంగారంలా పైట కొంగున కట్టుకుంది. అన్నీ అయ్యాక లింబాద్రికి ఒక సంగతి తట్టింది.

"మనయి అయినయి చెల్లె. మరి సార్ పనిముట్లు?"

"సార్‌కి పనిముట్లేంటండి? కళ్లజోడా?"

ఆయన గది వైపు చూశాడు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "నిజవేనండోయ్. మా ఊళ్లోనూ పుస్తకాలకి బొట్టెడతారు కదా" అంది. ఎప్పుడూ దుమ్మని తిట్టే మనిషే ఆనాడు పసుపు గిన్నె పట్టుకుని వెంట నడిచింది. ఇద్దరూ సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నారు.

అట్టపెట్టెల మీద పెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు. రామలక్ష్మి పెట్టెల మీద పెడదామనే అంది. లింబాద్రే ఒప్పుకోలేదు. "మోటరుకు పెట్టాలె గాని మోటరు మీది కవరుకు పెడ్తరా? పెట్టెలు నిన్నగాక మొన్న అచ్చినయి. పనిముట్టు లోపటున్నది" అన్నాడు. ఒక్కో పెట్టె తెరిచి, పై కాగితం మూల మీద పసుపు, దాని మీద కుంకుమ, ఎంతో భక్తిగా పెట్టుకుంటూ పోయాడు. బజారు ఫొటో వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాని మూలకు పెట్టలేదు. ముందు నిచ్చెనకు ఒక కుంకుమ చుక్క, తర్వాత నిచ్చెన మనిషి నుదుట వేలికొసతో ఇంకో చుక్క పెట్టాడు. ఇన్నేళ్లలో వాడికి పండగ చేసినవాడెవడుంటాడు అనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సార్ వాటా జమ్మి ఆకును చొక్కా జేబులో దాచాడు.

తాము తప్పు చేస్తున్నామని ఆ ఇద్దరిలో ఒక్కరికీ అనిపించలేదు. అనిపించే మనుషులైతే గదంతా తుడిచి అగరొత్తి వెలిగించి, సార్ వచ్చి చూస్తే ఎంత మురిసిపోతాడో అని ఎదురుచూస్తారా?

సార్ వచ్చాడు. ఒక కంటికి కట్టు. గది తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. మొదటి పెట్టె తెరిచాడు, రెండోది తెరిచాడు. తడి పసుపు పై కాగితం దాటి కింది కాగితంలోకి కూడా ఇంకి ఉంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"పండుగ సార్..." అన్నాడు లింబాద్రి.

"పెన్సిలు గీత కూడా ఉండకూడదు లింబాద్రీ. నలభై ఏళ్లు నేనొక్క గీత పెట్టలేదు. వాళ్లిక తీసుకోరు. ఖలాస్."

"చేతులు కడుక్కునే పెట్టిన సార్."

సార్ చెయ్యి చాపాడు. లింబాద్రి గది తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం సహించేదేమో. పాతికేళ్లలో మేస్త్రీల తిట్లు, ఫోర్‌మన్ల తిట్లు ఎన్నో తిన్నాడు, ఒక్కటీ గుర్తు లేదు. ఆ చాచిన చెయ్యి మాత్రం కళ్లముందు నుంచి పోలేదు. బజారు ఫొటో సంగతి చెప్పడానికి నోరు రాలేదు. జేబులో ఆకు జేబులోనే ఎండింది.

లైబ్రరీ మేడం వచ్చింది. పొట్టి జుట్టు, మెడలో భూతద్దం, తెల్లటి మనిషి. వస్తూనే చేతులు కడుక్కుంది. గుమ్మం బయట లింబాద్రి, ఆయన వెనక రామలక్ష్మి నిలబడ్డారు. మేడం పెట్టెలు ఒక్కొక్కటీ తెరిచి చూస్తోంది. రామలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి బజారు ఫొటో బయటికి వచ్చింది. మేడం దాన్ని వెలుతురులో పెట్టి, భూతద్దంతో చూసి, సార్‌ను ఏదో అడిగింది. సార్ ఆపరేషన్ అయిన కన్ను ఫొటోకు దగ్గరగా పెట్టి చూశాడు. నిచ్చెన మనిషి నుదుటి బొట్టు ఆయన చూడడం అదే మొదటిసారి.

"ఎవరు పెట్టారని అడుగుతోంది" అన్నాడు. ఎవరో పనివాడు అని మేడంకు చెప్పి ఊరుకోవచ్చు. సార్ అట్లా అనేలోగానే లింబాద్రి గడప దాటి లోపలికి వచ్చాడు.

"నేనే పెట్టిన మేడం. సార్‌కు ఏం తెల్వదు. గాయిన దవాఖానల ఉన్నడు. గా మాటకు కాయితాలు అద్దనకుండ్రి."

ఎందుకు పెట్టావని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. దసరా గురించి, పార గురించి, మోటరూ దాని మీది కవరూ గురించి, అన్నీ చెప్పాడు. సార్ ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి సార్ ఆగి లింబాద్రి వైపు తిరిగాడు. తాళంచెవి తీసుకున్ననాడు తాను ఎందుకు పెట్టావని అడగనే లేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

"అన్ని కాగితాలకూ మూలన పెట్టావు. ఇక్కడ మాత్రం ఈ మనిషికి పెట్టావెందుకు?" అని మేడం అడిగినదాన్ని సార్ హిందీలో చెప్పాడు.

"గాయిన పనోడు మేడం. పండుగనాడు పనోనికి పెట్టకపోతే ఇంకెవనికి పెడ్తరు?"

మేడం ఫొటోను జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. తర్వాత మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఇవి పోయే మరకలు కావు. ఒక కూలి కాగితం మీద నలుగురి పేర్ల సిరా పసుపు తడికి అలుక్కుపోయింది, ఇక చదవలేం. అది నష్టమే. అయినా అన్నీ తీసుకుంటాను. మరకపడ్డవి విడిగా కవర్లలో పెడతాం. కానీ ఎవరు, ఎందుకు పెట్టారో తప్పకుండా రాసిపెట్టాలి, లేకపోతే ముందుముందు చూసినవాళ్లు బూజు అనుకుని గీకేస్తారు. ఈయన పూర్తి పేరు చెప్పండి.

తీసుకుంటానన్న మాట సార్ నోట వినగానే రామలక్ష్మి బయట నుంచే "అమ్మయ్య, నరసింహసామీ!" అని పెద్దగా అనేసింది. లింబాద్రి మాత్రం ఆ నలుగురి దగ్గరే ఆగిపోయాడు.

"కూలోల్ల పేర్లేనా సార్?"

"అవును. కూలివాళ్లవే."

"అయ్యో కొడుకా..." అని నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు. కాగితాలు దక్కినందుకు నవ్వాలో, నలుగురు పోయినందుకు ఏడవాలో ఆయనకు తెలియలేదు. సార్ మెల్లగా ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ వయసులో ఆయన అట్లా కింద కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"తాళంచెవికి చెయ్యి ముందు చాపాను, ఎందుకు పెట్టావని తర్వాత కూడా అడగలేదు. తప్పు నాది" అన్నాడు.

లింబాద్రి జేబులోంచి ఎండిన జమ్మి ఆకు తీశాడు. సగం పొడైంది. అది సార్ అరచేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, ఆయన్ని లేపి గట్టిగా కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చాడు. పండగ ఎప్పుడో అయిపోయిందని ఎవరూ గుర్తు చేయలేదు.

పెట్టెలు విమానమెక్కాయి. ఎండలు ముదరకముందే సార్ జుఫైర్‌లో చిన్న ఫ్లాటుకు మారాడు. లింబాద్రి, రామలక్ష్మి కూడా పనికి అక్కడికే వెళ్లసాగారు. ఆ బిల్డింగుకు తానే సిమెంటు మోశానని లింబాద్రి లిఫ్టులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఈసారి అది నిజమో కాదో నాకూ తెలియదు.

ఒక సాయంత్రం సార్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన్ని పిలిచాడు. లార్క్‌మూర్ కాగితాల వివరాలన్నీ లైబ్రరీ వాళ్లు లోకమంతా చూసేలా పెట్టారు. బజారు ఫొటో వివరం దగ్గర సార్ ఆగి, ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో చదివాడు.

"నిచ్చెన పట్టుకున్న పనివాడు, పేరు తెలియదు. అతని నుదుట కుంకుమ బొట్టు దసరా పండుగనాడు పెట్టినది, బహ్రెయిన్‌లో పనిచేసే గుండేటి లింబాద్రి."

"ఇంకోసారి సదువుండ్రి సార్."

సార్ మళ్లీ చదివాడు.

"దుబాయి అని రాయలేదు గద?"

"లేదు. బహ్రెయిన్ అనే ఉంది."

"నా పేరు గాయిన పక్కకే ఉన్నదా?"

"పక్కనే ఉంది. చూస్తావా?"

లింబాద్రి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. వంటింట్లోకి పోయి సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. అప్పుడు సార్ ఆయన వేలు పట్టుకుని, తెర మీద ఆ పేరున్న చోట పెట్టాడు.